ఆరో తరగతి గ్రీకు పురాణాల పరీక్ష: స్టడీ గైడ్ చేతికొచ్చిన రోజు నుంచి మార్కులు వచ్చేదాకా

2025 ఫిబ్రవరి 3, సోమవారం సాయంత్రం మా అమ్మాయి బ్యాగులోంచి రెండు పేజీల స్టడీ గైడ్ బయటికి వచ్చింది. పరీక్ష 14న, శుక్రవారం. కాలిఫోర్నియాలో ఆరో తరగతి సోషల్ అంటే ప్రాచీన నాగరికతలు. గ్రీసు పాఠంలో పురాణాలు కూడా చెప్పాలని రాష్ట్ర ప్రమాణాల్లోనే ఉంది. ఇక్కడ పిల్లల్ని చదివించే తెలుగు తల్లిదండ్రులకు ఇది ఏదో ఒక ఏడాది ఎదురవుతుంది కాబట్టి, ఏం జరుగుతుందో వరసగా రాస్తున్నాను.

ఆ రెండు పేజీలు చూడగానే నాకే గుండె ఝల్లుమంది. మొదటి పేజీ అంతా ఒక పట్టిక: పన్నెండు మంది ఒలింపియన్ దేవతలు, ఒక్కొక్కరికీ గ్రీకు పేరు, రోమన్ పేరు, దేనికి అధిపతి, గుర్తు ఏమిటి. రెండో పేజీలో సృష్టి, టైటన్లు, పాతాళం, చిన్న కథలు ఏడు, వీరులు నలుగురు, పురాణాల్లోంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాటలు. చివర ఒక పేరా రాయాలి. మన ఇళ్ళలో పిల్లలు రామాయణ భారతాలు చెవిలో పడుతూ పెరుగుతారు. ఈ పేర్లకు అలాంటి పునాది లేదు. ఆ రాత్రి పట్టిక ముందు కూర్చుని "అమ్మా, ఇవన్నీ ఎవరికి ఎవరు?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నిజానికి చదవాల్సిన పద్ధతి ఆ ప్రశ్నలోనే ఉంది. ఎవరికి ఎవరో తెలిస్తే పట్టికలో సగం దానంతట అదే నిలబడుతుంది. పట్టికతో మొదలుపెడితే మాత్రం మూడో రోజుకు అన్నీ కలగాపులగం అవుతాయి.

అందుకే మొదటి రెండు రోజులు పట్టిక జోలికే పోలేదు. భోజనాల బల్ల మీద పెద్ద కాగితం పరిచి వంశవృక్షం గీశాం. పైన గయా, అంటే భూమి. ఆమెకు పుట్టినవాడే యురేనస్, ఆకాశం. వాళ్ళిద్దరికీ పన్నెండుమంది టైటన్లు, ముగ్గురు ఒంటికన్ను సైక్లోప్స్, ముగ్గురు నూరు చేతులవాళ్ళు. టైటన్లలో చిన్నవాడు క్రోనస్ తండ్రిని కూలదోశాడు. నీ బిడ్డే నిన్ను కూలదోస్తాడన్న మాట విని, పుట్టిన బిడ్డనల్లా మింగాడు. ఇక్కడ కంసుడిని గుర్తు చేస్తే పిల్లలకు ఠక్కున అందుతుంది. కాకపోతే కంసుడు భయపడింది చెల్లెలి బిడ్డకు, క్రోనస్ భయపడింది సొంత బిడ్డకు. ఆ తేడా చెప్పకపోతే పరీక్షలో క్రోనస్‌ను జ్యూస్‌కు మేనమామను చేసే ప్రమాదం ఉంది.

ప్రాచీన గ్రీకు కవి హీసియడ్ చెప్పిన ఆ బిడ్డల పుట్టుక వరస ఇది: హెస్టియా, డిమీటర్, హీరా, హేడీస్, పొసైడన్, జ్యూస్. ఆఖరివాడి బదులు తల్లి రియా పొత్తిగుడ్డలు చుట్టిన రాయి ఇచ్చింది, క్రోనస్ అదే మింగాడు. జ్యూస్ క్రీట్‌లో రహస్యంగా పెరిగాడు. తర్వాత క్రోనస్ కక్కినప్పుడు ముందు రాయి వచ్చింది, ఆ వెనక పిల్లలు. ఆ రాయిని డెల్ఫీలో చూశానని, రోజూ దాని మీద ఆలివ్ నూనె పోస్తారని రెండో శతాబ్దపు యాత్రికుడు పాసేనియస్ రాశాడు. పరీక్షకు ఇది అక్కర్లేదు. కానీ ఈ ముక్క చెప్పాక మా అమ్మాయి ఆ కథ మళ్ళీ మర్చిపోలేదు. రోజూ అభిషేకం జరిగే రాయి అంటే మన పిల్లలకు విడమరిచి చెప్పాల్సిన పనేముంది!

కథ అక్కడితో ఆగదు. పదేళ్ళ యుద్ధంలో టైటన్లు ఓడారు. అన్నదమ్ములు ముగ్గురూ చీట్లు తీశారు: జ్యూస్‌కు ఆకాశం, పొసైడన్‌కు సముద్రం, హేడీస్‌కు పాతాళం. భూమి, ఒలింపస్ కొండ ముగ్గురికీ ఉమ్మడి. ఆ తర్వాత జ్యూస్‌కూ అదే భయం పట్టుకుంది. మొదటి భార్య మెటిస్‌కు పుట్టే కొడుకు రాజవుతాడని విని, గర్భంతో ఉన్న ఆమెను మింగేశాడు. అందుకే ఆ గర్భంలోని బిడ్డ ఎథీనా అతని తల చీల్చుకుని, కవచంతో సహా బయటికి వచ్చింది. తండ్రీ కొడుకులిద్దరిదీ ఒకే భయం. ఈ తీగ పట్టుకుంటే సృష్టి, టైటన్లు, ఎథీనా పుట్టుక అని స్టడీ గైడ్‌లో మూడు చోట్ల విడిగా ఉన్నవి ఒకే కథ అవుతాయి.

పెద్దవాళ్ళకు ఒక ఇబ్బంది ఇక్కడే వస్తుంది. క్రోనస్ కొడవలితో తండ్రిని ఏం చేశాడో, ప్రేమ దేవత ఆఫ్రొడైటీ ఏ నురగలోంచి పుట్టిందో, జ్యూస్ సంతానం అంతమంది తల్లులకు ఎలా పుట్టారో పదకొండేళ్ళ పిల్లకు ఎంతవరకు చెప్పాలి? బడి ఇచ్చిన పాఠాల ప్యాకెట్‌లో "గాయపరిచాడు", "సముద్రపు నురగలోంచి పుట్టింది" అనే ఉంది. నేనూ అక్కడే ఆగాను. అడిగినదానికి అబద్ధం చెప్పలేదు, అడగనిది తవ్వలేదు. పరీక్షలో ప్యాకెట్ దాటి ఏదీ రాదు. హీరా కోపాలకు కారణం మాత్రం దాచకూడదు. భర్త జ్యూస్ మోసం చేశాడని చెప్పకపోతే హెరాక్లీస్ (రోమన్ పేరు హెర్క్యులిస్) కథ, ఎకో అనే వనదేవత కథ రెండూ అర్థం కావు.

ప్యాకెట్ దాటి ఏదీ రాదు అన్నది ఈ పరీక్షలో అన్నిటికంటే ముఖ్యం. గ్రీకు కథలకు ఒకే మూలగ్రంథం లేదు. ఇలియడ్ కావ్యం చెప్పిన హోమర్ ఒకటి చెబుతాడు, హీసియడ్ ఇంకొకటి, వాళ్ళ తర్వాత ఏడు వందల ఏళ్ళకు రోములో ఆవిడ్ అనే కవి మరొకటి. ఆఫ్రొడైటీ హీసియడ్‌లో నురగలోంచి పుడితే, హోమర్‌లో జ్యూస్‌కూ డయోనీ అనే దేవతకూ పుట్టిన కూతురు. కమ్మరి దేవుడు హెఫెస్టస్‌ను కొండ మీంచి విసిరింది ఒకచోట హీరా, ఇంకోచోట జ్యూస్. ఈ రెండూ ఇలియడ్‌లోనే ఉన్నాయి. హేడీస్ ఎత్తుకుపోయిన డిమీటర్ కూతురు పెర్సెఫనీ పాతాళంలో తిన్న దానిమ్మ గింజలైతే మరీను. ప్రాచీన గ్రీకు స్తోత్రంలో ఆమె తిన్నది ఒకే గింజ, పాతాళంలో ఉండాల్సింది ఏడాదిలో మూడో వంతు. ఆవిడ్‌లో ఏడు గింజలు, సగం ఏడాది. పిల్లల పుస్తకాల్లో ఆరు గింజలు, ఆరు నెలలు. బడి ప్యాకెట్‌లో ఆరు ఉంది కాబట్టి కార్డు మీద ఆరే రాశాం. లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకంలో ఇంకోలా ఉంటే చదివి ఆనందించాలి కానీ జవాబులో రాయకూడదు. ఈ దేవుళ్ళ మీద వచ్చిన నవలలు, కార్టూన్ సినిమాలు ముందే తెలిసిన పిల్లలకు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. సినిమాలో హెరాక్లీస్‌కు హీరా ప్రేమగల తల్లి. కథలో తల్లి ఆల్క్‌మీనీ అనే మానవ స్త్రీ, హీరా జన్మశత్రువు. ఇంకో సినిమాలో వీరుడు పర్సియస్ పెగసస్‌ను ఎక్కుతాడు. పాత కథలో పెగసస్, పర్సియస్ చంపిన పాముల జుట్టు రాక్షసి మెడూసా మెడలోంచి పుట్టిన రెక్కల గుర్రం, దాన్ని ఎక్కింది బెలెరఫన్ అనే ఇంకో వీరుడు. అందులో కనిపించే సముద్ర రాక్షసి క్రాకెన్ అసలు గ్రీకుదే కాదు.

ఐదో తేదీ బుధవారం నుంచి కార్డులు. మూడు అంగుళాలు, ఐదు అంగుళాల ఇండెక్స్ కార్డులు వంద ఉన్న కట్ట రెండు డాలర్ల లోపే దొరుకుతుంది. మొత్తం పరీక్షకు అయిన ఖర్చు అదే. కార్డు ముందువైపు పేరు, వెనక వివరాలు రాయడం అందరూ చేసేదే. దానితో ఒక్క దిక్కే వస్తుంది. "పొసైడన్ గుర్తు?" అంటే త్రిశూలం అని చెప్పే పిల్ల, "నెమలి ఎవరిది?" అంటే ఆగిపోతుంది. అందుకని ముందువైపు గుర్తు, పని మాత్రమే రాసి, వెనక రెండు పేర్లు రాశాం. నెమలి, పెళ్ళి: హీరా, జూనో. గుడ్లగూబ, ఆలివ్, యుద్ధ వ్యూహం: ఎథీనా, మినర్వా. గ్రీకు పేరు నీలం సిరాతో, రోమన్ పేరు ఎర్ర సిరాతో. ఈ రంగుల తేడా చిన్న పనిలా కనిపిస్తుంది కానీ పరీక్షలో ఎక్కువ మంది పిల్లలకు మార్కులు పోయేది గ్రీకు గడిలో రోమన్ పేరు రాసే.

ప్రతి పేరు పక్కన పలుకుబడిని తెలుగులో రాసుకోవడం మాకు బాగా పనికొచ్చింది. పెర్సెఫనీ, కలయొపీ, సర్సీ, లీథీ వంటి పేర్ల చివర ఇంగ్లీషులో ఉండేది ఉత్త 'ఈ' అక్షరం. చూసి చదివే పిల్లలు దాన్ని పలకరు. పలకడం రానిది గుర్తుండదు. మన లిపిలో రాస్తే సందేహమే లేదు. స్పెల్లింగు మాత్రం విడిగా చేయించాలి: ఎరాక్నీ, కేరన్, ఎకిలీస్‌లలో 'క' శబ్దానికి సీ-హెచ్, హెఫెస్టస్‌లో 'ఫ'కు పీ-హెచ్, థీసియస్, పర్సియస్, ప్రొమీథియస్‌ల చివర ఈ-యు-ఎస్.

కార్డులకు మూడు డబ్బాలు. వచ్చినవి తర్వాతి డబ్బాలోకి, రానివి మళ్ళీ మొదటి డబ్బాలోకి. మొదటి డబ్బా రోజూ, రెండోది రోజు విడిచి రోజు, మూడోది వారాంతంలో. బడి నుంచి వచ్చి ఏదైనా తిన్నాక ఇరవై నిమిషాలు, పడుకోబోయే ముందు పది నిమిషాలు. అంతకు మించి కూర్చోబెడితే తప్పులు పెరుగుతాయి, చిరాకూ పెరుగుతుంది.

రోమన్ పేర్లకు గ్రహాలు మంచి ఆసరా. జూపిటర్ (జ్యూస్), శాటర్న్ (క్రోనస్), యురేనస్ అని సూర్యుడి నుంచి దూరం జరిగేకొద్దీ కొడుకు, తండ్రి, తాత అవుతారు. వీళ్ళలో యురేనస్ ఒక్కడిదే గ్రీకు పేరు. తెలుగు వారాలు వచ్చిన పిల్లలకు ఇంకో దారి కూడా ఉంది: మంగళవారం మార్స్, బుధవారం మెర్క్యురీ, గురువారం జూపిటర్, శుక్రవారం వీనస్, శనివారం శాటర్న్. రోమన్లవీ మనవీ ఒకే గ్రహాల వరసలో నడిచే వారాలు. అయితే పోలిక పేరు దగ్గరే ఆపాలి. మన శుక్రుడు రాక్షసుల గురువు, వీనస్ ప్రేమకు దేవత.

8, 9 తేదీల శని ఆదివారాలు పూర్తిగా ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకునేవాటికి కేటాయించాం. ఎక్కువ సమయం తిన్నది ఇదే, ఎక్కువ మార్కులు కాపాడిందీ ఇదే. ఏరీస్, ఎథీనా ఇద్దరూ యుద్ధమే. ఏరీస్‌ది రక్తదాహం, ఎథీనాది వ్యూహం. ఆ ఒక్క మాట రాయకపోతే సగం మార్కే. హెస్టియాకు కథలు దాదాపు లేవు, అందుకే పిల్లలు ఆమెను మర్చిపోతారు. ఆమెది పొయ్యి, ఇల్లు. డిమీటర్‌ది పంట. సూర్యరథం తోలేది అసలు హీలియస్. అపోలోకు వెలుగు, సంగీతం, వైద్యం, జోస్యం. చాలా బడి పుస్తకాలు అపోలోనే సూర్యదేవుడు అంటాయి. మా ప్యాకెట్ కూడా అలాగే అంది, కాబట్టి జవాబు అపోలో. హేడీస్ మృత్యుదేవత కాదు, మృతుల లోకానికి రాజు. మృత్యువు పేరు థానటస్. హేడీస్ ఒలింపస్ మీద ఉండడు కనుక మామూలుగా పన్నెండుమందిలో లెక్కించరు. పన్నెండో చోటు హెస్టియాదా, ద్రాక్షసారా దేవుడు డయొనైసస్‌దా అన్నది కూడా జాబితాను బట్టి మారుతుంది. ఏథెన్స్‌లోని పార్థినాన్ గుడి మీద చెక్కిన వరసలో డయొనైసస్ ఉన్నాడు, హెస్టియా లేదు.

టైటన్ అట్లస్ మోసేది భూమిని కాదు, ఆకాశాన్ని. గ్లోబు మోస్తున్న బొమ్మలు చూసి పెద్దవాళ్ళు కూడా భూమి అంటారు. దేవతల దూత హెర్మీస్ దండానికి రెండు పాములు, రెక్కలు. వైద్యుడు అస్క్లీపియస్ కర్రకు ఒకే పాము, రెక్కలు ఉండవు. అమెరికా సైన్యపు వైద్య విభాగం 1902లో రెండు పాముల గుర్తు తీసుకోవడంతో ఇక్కడ చాలా ఆసుపత్రి బోర్డుల మీద హెర్మీస్ దండమే కనిపిస్తుంది. పిల్లలు దాన్ని చూసి వైద్యం అని రాస్తారు. మైడస్, మైనాస్, మైనటార్ మూడూ వేరు. మైడస్ తాకితే బంగారం, మైనాస్ క్రీట్ రాజు, మైనటార్ ఎద్దుతల రాక్షసుడు. ప్యాకెట్‌లో మైనపు రెక్కలతో ఎగిరి సముద్రంలో పడిన ఇకరస్ కథ ఒక చోట, మైనటార్‌ను చంపిన థీసియస్ కథ ఇంకోచోట ఉంటుంది కానీ రెండూ ఒకే ఇంటి కథలు. మైనటార్‌కు చిక్కుదారుల కోట కట్టింది ఇకరస్ తండ్రి డెడలసే. ఇది పక్కపక్కన పెట్టి చెప్పాక రెండు కథలూ ఒకేసారి వచ్చేశాయి.

వీరులకు ఒక్కొక్కరికి ఐదు ప్రశ్నలు: ఎవరు పంపారు, ఎందుకు, సాయం చేసిందెవరు, దేనితో, చివరికి ఏం పోగొట్టుకున్నాడు. థీసియస్‌కు: క్రీట్‌కు బలి వెళ్ళే ఏడుగురు కుర్రాళ్ళు, ఏడుగురు అమ్మాయిల గుంపులో తనే బయల్దేరాడు. సాయం మైనాస్ కూతురు ఆరియాడ్నీ, దారపు ఉండ. బతికొస్తే ఎత్తుతానన్న తెల్ల తెరచాప ఎత్తడం మరిచాడు, నల్ల తెరచాప చూసి తండ్రి ఈజియస్ సముద్రంలో దూకాడు, ఆ సముద్రం ఈజియన్. పర్సియస్‌కు: పంపింది పాలిడెక్టీస్ రాజు, మెడూసా తల కోసం. ఎథీనా డాలు, రెక్కల చెప్పులు, కనపడకుండా చేసే టోపీ, తల వేసుకునే సంచి. జేసన్‌కు: పంపింది పీలియస్ రాజు, బంగారు గొర్రె ఉన్ని కోసం. సాయం మంత్రగత్తె మెడియా. నాలుగోవాడు హెరాక్లీస్. పన్నెండు పనులూ వరసగా అడగరు, నాలుగైదు వస్తే చాలు. ఎందుకు పన్నెండు అన్నది తెలిస్తే రెండు పనులు ఊరికే గుర్తుంటాయి. ఈ కథలన్నీ ఒకచోట కూర్చిన ప్రాచీన రచయిత అపోలోడోరస్ చెప్పినదాని ప్రకారం ముందు ఇచ్చినవి పది. పలు తలల పాము హైడ్రాను చంపేటప్పుడు తమ్ముడి కొడుకు అయొలేయస్ సాయం చేశాడని ఒకటి, ఆజియస్ రాజు పశువుల కొట్టం కడగడానికి కూలి అడిగాడని ఇంకోటి లెక్కలోకి రావని యురిస్థియస్ రాజు మొండికేశాడు. ఆ రెండూ పోను మళ్ళీ రెండు చేయించాడు.

10 నుంచి 12 దాకా పేరా రాయడం. "ఈ కథ గ్రీకులకు ఏం వివరించింది? రెండు ఆధారాలు ఇవ్వండి" తరహా ప్రశ్న. పిల్లలు కథంతా తిరిగి చెప్పేస్తారు. దానికి మార్కులు రావు. మొదటి వాక్యంలో జవాబు, తర్వాత కథలోంచి రెండు ముక్కలు, ఒక్కోదాని వెనక "కాబట్టి" అని ఒక వాక్యం. ఎనిమిది నిమిషాల గడియారం పెట్టి డిమీటర్ మీద ఒకటి, గర్వానికి శిక్ష అన్నదాని మీద, నేతలో ఎథీనాతో పోటీపడి సాలెపురుగైన ఎరాక్నీ కథతో ఒకటి రాయించాను. మొదటిది ఏడు వాక్యాల కథ. రెండోదానికి దారిలో పడింది. 13న కొత్తది ఏమీ ముట్టలేదు. రానివాటి డబ్బాలో మిగిలిన కార్డులు తిరగేసి తొమ్మిదికల్లా పడుకోబెట్టాను.

పరీక్ష నలభై ఐదు నిమిషాలు, యాభై మార్కులు. జతపరచడం ఇరవై, సరైన జవాబు గుర్తించడం పదిహేను, మాటలు ఐదు, పేరా పది. ఇంటికి వచ్చి చెప్పినదాన్నిబట్టి మేం ఊహించనివి రెండు. జతపరచడంలో ప్రశ్నల కన్నా పేర్లు ఎక్కువ ఇచ్చారు. అంటే చివరికి మిగిలింది పెట్టేయడం కుదరదు. మాటల భాగంలో అర్థం కాకుండా వాక్యాలు ఇచ్చారు: "అది హెర్క్యులియన్ పని" అన్న వాక్యంలో ఆ మాట ఎవరి కథలోంచి వచ్చింది, ఎందుకు అతికింది అని. టైటానిక్, టాంటలైజ్, పానిక్, ఎకిలీస్ మడమ కూడా అలాగే. అర్థం ఒక్కటే బట్టీ పట్టిన పిల్లలు ఇక్కడ కష్టపడ్డారట. పేరాకు డిమీటర్ కథే వచ్చింది. ఆ మాట చెబుతున్నప్పుడు దాని మొహంలో వెలుగు చూసి నాకు కడుపు నిండిపోయింది.

ఆ తర్వాత ఎదురుచూపు. 17 ప్రెసిడెంట్స్ డే, మా దగ్గర ఆ వారమంతా సెలవు. 24న బడి తెరిచారు. 26 సాయంత్రం ఆన్‌లైన్ గ్రేడ్‌బుక్‌లో మార్కు కనిపించింది: యాభైకి నలభై ఆరు. కాగితం 28న చేతికి వచ్చింది. పోయినవి: హెఫెస్టస్ అని రాయాల్సిన గ్రీకు గడిలో అతని రోమన్ పేరు వల్కన్ రాయడం ఒకటి, అట్లస్ భూమిని మోస్తాడన్నదాన్ని గుర్తించడం ఒకటి, పేరాలో రెండో ఆధారానికి వివరణ వాక్యం లేక రెండు. అట్లస్ సంగతి ఇంట్లో చెప్పుకున్నదే, అయినా ఏళ్ళుగా చూసిన బొమ్మే గెలిచింది. అలాంటివాటికి నోటిమాట చాలదు, ఆకాశం మోస్తున్నట్టు బొమ్మ గీయించాలి.

కొన్ని తరగతుల్లో తప్పులు దిద్ది ఇస్తే సగం మార్కులు తిరిగి ఇస్తారు. అడగకపోతే పిల్లలు ఇంట్లో చెప్పరు, కాబట్టి కాగితం వచ్చిన రోజే అడగండి. దిద్దడమంటే సరైన జవాబు రాయడం ఒక్కటే కాదు, ముందు రాసింది ఎందుకు తప్పో ఒక వాక్యం, ప్యాకెట్‌లో ఏ పేజీలో ఉందో ఆ నంబరు రాయాలి. మార్చి 4న ఇచ్చేసింది, రెండు మార్కులు కలిశాయి. కార్డులు రబ్బరుబ్యాండు వేసి డ్రాయరులో పెట్టాం. ఏడాది చివర రోమ్ పాఠంలో ఎర్ర సిరా పేర్లు మళ్ళీ వస్తాయి.